ఎనిమిది వరసలు కంఠతా

"అంత గడగడా అప్పజెప్పకు నాన్నా. చదువుతున్నట్టుండాలి. నాలుగో వరసలో మూడో అక్షరం దగ్గర ఆగు. కళ్ళు కొంచెం చిట్లించు. అప్పుడు 'డి' అను."

పాపయ్య ఆగాడు. కళ్ళు చిట్లించాడు. "డి," అన్నాడు.

"ఆఁ, అదీ. ఆరో వరసలో ఒకసారి తప్పు చెప్పి దిద్దుకో. 'ఓ' అని, 'కాదు కాదు, సి' అను. అన్నీ ఒప్పులే చెబితే డాక్టరుకి అనుమానం వస్తుంది."

"ఓలమ్మ, ఇదేటే నాటకాలోళ్ళ రిహార్సలా?" అని పాపయ్య నవ్వాడు గానీ, చెప్పినట్టే చేశాడు. ఒక కన్ను మూసుకుని ఎనిమిది వరసలూ చెప్పాడు. రెండో కన్ను మూసుకుని మళ్ళీ చెప్పాడు. గోడకి అంటించిన కాగితాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. చూసినా లాభం లేదు. అంత దూరం నుంచి అతనికి కనిపించేది పైనున్న పెద్ద 'ఇ' ఒక్కటే. దాని కిందంతా పొగ.

పాపయ్య రాయ్‌పూర్‌లో గూడ్సు బండి డ్రైవరు. రైల్వేలో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. షుగరు వల్ల కంటిలోపలి పొర దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ పోయిన చలికాలంలో ఒక ప్రైవేటు డాక్టరు చెప్పి, చీటీ రాసిచ్చాడు. పాపయ్య ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. మర్నాడు మామూలుగానే డ్యూటీకి వెళ్ళాడు. ఇప్పుడు రైల్వే ఆసుపత్రిలో ఏటా జరిగే పరీక్ష వచ్చి పడింది. అక్కడి గోడ మీదున్న అక్షరాల బోర్డుని, అమ్మకి కళ్ళద్దాలు రాయించడానికి వెళ్ళినప్పుడు ఫోనులో ఫొటో తీసింది కల్యాణి. దాన్ని అదే కొలతలో అచ్చు వేయించి, మూడు వారాలుగా నాన్న చేత వల్లె వేయిస్తోంది.

ఈ విద్య ఆమెకి ఎక్కడ అబ్బిందో చెప్పాలి.

కల్యాణి రాయ్‌పూర్‌లోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో ఏడాదిలోకి వచ్చింది. ఆ కాలేజీ పేరు రాయ్‌పూర్ దాటితే ఎవరికీ తెలియదు. ఆమె పట్టుదల చూస్తే మాత్రం భయం వేస్తుంది. క్వాంట్ ఉద్యోగం కావాలంటుంది. అదేమిటని తల్లి సుభద్ర అడిగితే, షేర్ల ధరలు ఎటు కదులుతాయో లెక్క కట్టి, కంప్యూటరు చేత కొనిపించి అమ్మించడం అని చెప్పింది.

"జూదమా?" అంది సుభద్ర.

"కాదమ్మా. జూదం ఆడొచ్చా కూడదా అని లెక్క వేసి చెప్పడం."

"అదే కదే జూదమంటే," అని సుభద్ర పిండి కలపడంలో పడిపోయింది. ఆవిడ అన్నదాంట్లోనూ తప్పేం లేదు.

రెండేళ్ళు కల్యాణి మనిషి మనిషిలా లేదు. పాచికలు, పేకముక్కలు, నాణేలు, సంచిలోంచి తీసే రంగురంగుల బంతులు, వీటి చుట్టూనే బతికింది. ఎనిమిది నిమిషాల్లో ఎనభై లెక్కలు నోటితో చెయ్యాలి. రొట్టెలు ఒత్తుతూ చేసేది. భన్‌పురి రోడ్డులో ట్రక్కుల వెనకాల స్కూటీ మీద నిలబడిపోయినప్పుడు నంబరు ప్లేటు మీద మొదటి రెండంకెల్నీ చివరి రెండంకెలతో గుణించేది. నాలుగువేల ఏడువందల యాభై రెండు అని ఆమె పైకి అనేసరికి పక్కన బైకు మీదున్నవాడు ఉలిక్కిపడి తన జేబు తడుముకున్నాడొకసారి.

ముంబయిలో ఒక ట్రేడింగ్ కంపెనీ దేశమంతటికీ ఆన్‌లైన్లో పోటీ పెట్టింది. కాలేజీ పేరు అడగని పోటీ అదొక్కటే. పదకొండు వేలమంది రాస్తే ఆఖరి ఇంటర్వ్యూకి నలభైమందిని పిలిచారు. అందులో కల్యాణి ఉంది. వచ్చే వేసవికి ఇంటర్న్‌షిప్పు ఇస్తారు. అది కుదిరితే ఉద్యోగం ఖాయమైనట్టే.

ఆ కబురు తెలిసిన రోజునే తండ్రీకూతుళ్ళ మధ్య ఒప్పందం జరిగింది.

"నాకు ఇది వస్తే నువ్వు ఇంజిన్ దిగిపోవాలి. కళ్ళు కనపడటం లేదని నువ్వే వెళ్ళి చెప్పాలి."

"పక్కా," అన్నాడు పాపయ్య. "నీ లెటరొచ్చిన్నాడే దిగిపోతాను. అందాకా ఒగ్గెయ్ నన్ను."

దిగిపోతే రైల్వేవాళ్ళు వీధిన పడెయ్యరు. ఏదో ఆఫీసులో కుర్చీ వేస్తారు, జీతం ఇస్తారు. బండి నడిపినన్ని కిలోమీటర్లకి వచ్చే డబ్బు మాత్రం పోతుంది. కల్యాణి ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నారు. ఇంకొకటి కూడా పోతుంది. దాని గురించి పాపయ్య ఎవరితోనూ మాట్లాడడు. పలాస పక్క పల్లెలోంచి రైల్వే కూలీగా వచ్చినవాడి కొడుకు ఇంజిన్ ఎక్కాడు. ఎక్కినవాడికి దిగడం అంత తేలిక కాదు.

మరి ఇన్నాళ్ళూ సిగ్నళ్ళు ఎలా చూశాడు? చూడలేదు. ఇంజిన్లో ఒక పద్ధతి ఉంది. దూరాన సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా పిలవాలి. డ్రైవరు తన కళ్ళతో చూసుకుని అదే మాట తిరిగి పిలవాలి. ఇద్దరి నోటా ఒకటే రావాలి. రాజేష్ అనే అసిస్టెంటు రెండేళ్ళుగా పాపయ్యతోనే తిరుగుతున్నాడు. నెమ్మదస్తుడు, తప్పు పిలవడు. అతను "ఎల్లో" అంటే పాపయ్య "ఎల్లో" అంటున్నాడు. అతను "గ్రీన్" అంటే ఇతనూ "గ్రీన్" అంటున్నాడు. పాపయ్య కళ్ళకి కనిపించేది దూరాన మినుకుమనే వెలుగు మాత్రమే. దాని రంగు బాగా దగ్గరికొచ్చాకే తెలుస్తుంది. నిండుగా సరుకున్న బండి ఆగడానికి కిలోమీటరు పైన పడుతుంది.

కల్యాణికి ఇదంతా తెలుసు. తెలిసీ దాని మీద కూడా లెక్క వేసింది. రాజేష్ తప్పు పిలిచే అవకాశం ఎంత, పాపయ్య దాన్ని పట్టుకోలేకపోయే అవకాశం ఎంత, ఇంకెన్ని ట్రిప్పులు. చాలా చిన్న అంకె వచ్చింది. చిన్న అంకె కదా అని నిద్రపోయింది. తెలివైనవాళ్ళు తమని తాము మోసం చేసుకోవడానికి కూడా తెలివి వాడతారు. అదే వాళ్ళతో వచ్చిన తంటా.

ఇక ఇంటర్వ్యూ సంగతి. కాలేజీలో వంశీ అని ఒక సీనియరు ఉన్నాడు. మూడు కంపెనీల ఇంటర్వ్యూలకి వెళ్ళి మూడింట్లోనూ తిరిగొచ్చినవాడు. సలహాలు చెప్పడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి? వాడి దగ్గర మూడువందల పన్నెండు ప్రశ్నల జాబితా ఉంది, జవాబులతో సహా.

"ఇవే తిప్పి తిప్పి అడుగుతారు," అన్నాడు వంశీ. "అన్నీ కంఠతా పట్టు. కానీ తెలిసినట్టు కనపడకు. ఆలోచిస్తున్నట్టు నటించు. మధ్యలో ఒకసారి తప్పుదారి పట్టి, 'అయ్యో, కాదు' అని వెనక్కి రా. వాళ్ళకి అలాంటివాళ్ళంటే ఇష్టం."

కల్యాణి మూడువందల పన్నెండూ పట్టింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నుదురు రుద్దుకోవాలో, ఎక్కడ తప్పు చెప్పి దిద్దుకోవాలో అద్దం ముందు అభ్యాసం చేసింది. అదే విద్య నాన్నకి నేర్పింది.

రెండు పరీక్షలూ ఒకే రోజు పడ్డాయి, గురువారం. తొమ్మిదిన్నరకి కల్యాణి ఇంటర్వ్యూ. పదిన్నర తర్వాత పాపయ్యకి ఆసుపత్రిలో పరీక్ష.

ఆషాఢం వాన తెల్లారినప్పటి నుంచీ పట్టి కురుస్తోంది. పాపయ్య తొమ్మిదింటికే రెయిన్‌కోటు తొడుక్కుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆరామ్‌గా సెప్పు. కంగారు పడకు," అన్నాడు.

"నువ్వూనూ. ఆరో వరస మర్చిపోకు."

"ఓ. కాదు కాదు, సి," అని నవ్వుకుంటూ వానలోకి దిగాడు.

సుభద్ర పండరీ బజారులో తానుల కొట్టులో గుడ్డ తెచ్చి కుట్టిన తెల్ల చొక్కా వేసుకుని, కల్యాణి లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద ఒకామె కనబడింది. పేరు చాందిని. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పలకరింపు బాగుంది, గొంతులో గర్వం లేదు. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడుతోంది. నోటి లెక్కలు ఇరవై అడిగింది. కల్యాణి ఇరవయ్యీ చెప్పింది. పేకముక్కల మీద ఒకటి అడిగింది. జాబితాలో తొంభై రెండోది. కల్యాణి నుదురు రుద్దుకుని, ఆలోచించి, చెప్పింది. చాందిని తల ఊపి ఏదో రాసుకుంది. కల్యాణికి గుండెలో ఒక వెచ్చదనం మొదలైంది. నాన్న దిగిపోతాడు, ఈ సంవత్సరంలోనే దిగిపోతాడు అనుకుంది.

"ఒక పాచిక ఆట," అంది చాందిని. "పాచిక వేస్తారు. ఎంత పడితే అన్ని రూపాయలు తీసుకుని ఆపెయ్యొచ్చు. నచ్చకపోతే మళ్ళీ వెయ్యొచ్చు. మొత్తం మూడుసార్ల దాకా…"

నూట నలభై ఒకటోది! కల్యాణికి జవాబు కళ్ళముందుకి వచ్చేసింది. నాలుగు రూపాయల అరవై ఏడు పైసలు. ఆమె మనసు అప్పుడే నటన మొదలుపెట్టింది. ముందు ఎక్కడ ఆగాలి, తప్పు దారి ఎక్కడ పట్టాలి. చాందిని ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కల్యాణి శ్రద్ధగా తల ఊపింది.

"ఈ ఆట ఆడటానికి ఎంత ఇవ్వొచ్చు?"

కల్యాణి కాగితం మీద గీతలు గీసింది. ఆగింది. "మూడున్నర… అయ్యో, కాదు. అది ఒక్కసారి వేస్తేనే," అని వెనక్కి వచ్చింది. మెట్టు మెట్టుగా కట్టుకుంటూ వెళ్ళి, "నాలుగు రూపాయల అరవై ఏడు పైసలు," అంది.

"నాలుగున్నరకి అమ్ముతాను. కొంటారా?"

"కొంటాను."

"ఎన్నిసార్లు?"

"మీరు అమ్మినన్నిసార్లు," అంది కల్యాణి ధీమాగా.

చాందిని రాసుకోవడం ఆపింది. "కల్యాణీ, ఆట చెప్పాక చివర ఒక వాక్యం చెప్పాను. మళ్ళీ వేసిన ప్రతిసారీ ఒక రూపాయి కట్టాలని. విన్నారా?"

కల్యాణి తను గీసిన గీతలకేసి చూసుకుంది, ఆ రూపాయి వాటిల్లో ఎక్కడా లేదు.

"అది కలిపితే ఆట విలువ నాలుగు రూపాయల లోపే. మీరు నా దగ్గర ఎన్నిసార్లు కొంటే అన్నిసార్లు నష్టపోతారు. మీరు బాగా తెలివైనవారు, అది కనబడుతోంది. కానీ నేను అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు. మీకు తెలిసిన ప్రశ్నకి చెప్పారు. అందుకే మేం ఆఖరి వాక్యం మారుస్తాం. మార్చకపోతే మీరు పాసైపోయేవారు. మా పనిలో మార్కెట్టు ఆ వాక్యాన్ని రోజూ మారుస్తుంది, మీకు చెప్పకుండా."

కల్యాణి బతిమాలింది. ఇంకొకటి అడగండి అంది. నేను మామూలుగా ఇలా చెయ్యను అంది. ఇదొక్కటి పోతే మా నాన్న, అని మొదలుపెట్టి ఆపేసింది. చాందిని చివరిదాకా విన్నది. ఈసారికి కుదరదనీ, రెండేళ్ళ తర్వాత మళ్ళీ రాయవచ్చనీ మర్యాదగానే చెప్పింది. తెర నల్లబడింది. పది గంటలు దాటి ఐదు నిమిషాలు.

అంతే. రెండేళ్ళ రాత్రింబవళ్ళు, మూడువందల పన్నెండు ప్రశ్నలు, ట్రక్కుల నంబర్లు, అన్నీ ఒక్క వాక్యంతో పోయాయి. ఎవరో అన్యాయం చేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆమె బల్ల మీద తల పెట్టుకుంది. ఏడుపు కూడా రాలేదు. వంటింట్లోంచి సుభద్ర తొంగి చూసి, అడగకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

తలెత్తేసరికి ఎదురుగా గోడ మీద కాగితం కనబడింది. ఎనిమిది వరసలు. నాలుగో వరసలో మూడోది డి. ఆరో వరసలో సి.

మార్చకపోతే మీరు పాసైపోయేవారు.

ఆసుపత్రిలో బోర్డు ఎవరూ మార్చరు. నాన్న ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాడు, ఎక్కడ తప్పాలో అక్కడ తప్పుతాడు, పాసైపోతాడు. పాసై, సంవత్సరం చెల్లే కాగితం జేబులో పెట్టుకుని ఇంజిన్ ఎక్కుతాడు. పట్టాల మీద మాత్రం సిగ్నలు రోజూ మారుతుంది. అక్కడ చాందిని ఉండదు, నువ్వు చివరి మాట వినలేదు బాబూ అని చెప్పడానికి.

కల్యాణికి తను లెక్క కట్టిన ఆ చిన్న అంకె గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. స్కూటీ తాళాలు తీసుకుని, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తింది.

భన్‌పురి దగ్గర ట్రక్కులు ఎప్పటిలాగే అడ్డం పడి ఉన్నాయి. వానలో వాటి ఎర్ర దీపాలన్నీ చెదిరి ఒకటిగా కలిసిపోయాయి. ఏది ఎంత దూరంలో ఉందో ఆమె కళ్ళకే తెలియడం లేదు, ఇరవై ఏళ్ళ కళ్ళకి. ఒక్క నంబరూ గుణించలేదు. ఫుట్‌పాత్ మీద నుంచి పోనిచ్చింది. ఎవరో హిందీలో తిట్టారు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పాపయ్య మూడోవాడిగా కూర్చుని ఉన్నాడు. పెదాలు కదుపుతున్నాడు. కల్యాణిని దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు.

"అరే, నువ్వేటే ఇక్కడ? ఇంటర్వ్యూ ఏటయ్యింది?"

"పోయింది నాన్నా."

పాపయ్య ఆమె తడిసిన చొక్కా తడిమి చూశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోతే పోనీ. ఇంకోటి రాదా ఏటి? నాను ఇంకో ఏడు నడుపుతాను. ఇయ్యాల ఇది గట్టెక్కితే బస్."

"వద్దు నాన్నా. వెళ్ళి నిజం చెప్పేద్దాం."

"మతి పోయిందేటే నీకు? ఇప్పుడే కదా మరింత గావాల!"

"కనపడదు కదా నీకు!"

"రాజేష్ పిలిస్తే నాను తిరిగి పిలుస్తాను. ఇన్నాళ్ళూ నడవలేదా?" అని ఆగి, గొంతు తగ్గించాడు. "రాజేష్‌కి బిలాస్‌పూర్ ట్రాన్స్‌ఫరయ్యింది. సోమారం నుంచి కొత్తోడొస్తాడు. ఏటౌతాది, ఆడికీ అలవాటు సేస్తాను."

కల్యాణి ఆ ముఖంలోకి చూసింది. అందులో మోసం లేదు, పాపం లేదు. కూతురి కోసం ఇంకొక్క సంవత్సరం కొనుక్కుందామనుకుంటున్న మనిషి ముఖం. నాలుగున్నరకి, ఎన్నిసార్లైనా.

ఇంతలో నర్సు పిలిచింది. బీపీ చూడటానికి పాపయ్య పక్క గదిలోకి వెళ్ళాడు. వెళుతూ, "ఇంటికెల్లిపో. అమ్మ ఒక్కర్తే ఉంది," అన్నాడు.

కల్యాణి ఇంటికి వెళ్ళలేదు. కంటి డాక్టరు గది తలుపు తోసింది. పెద్దాయన. రాసుకుంటున్నవాడు తల ఎత్తాడు.

"సార్, ఆ బోర్డు మార్చండి," అంది హిందీలో. "మా నాన్న పాపయ్య, గూడ్సు డ్రైవరు. ఆ బోర్డు ఆయనకి కంఠతా వచ్చు. నేనే నేర్పాను. తప్పు నాది, ఆయన్ని ఏమీ అనొద్దు."

డాక్టరు ఆమెని చాలాసేపు చూశాడు. తిట్టలేదు. "నేను కళ్ళ గురించి మాత్రమే రాస్తాను," అన్నాడు. లేచి వెళ్ళి బీరువా వెనక నుంచి ఇంకో బోర్డు తీశాడు. పైన అదే పెద్ద 'ఇ'. కింద అన్నీ వేరు. పాతది తీసి, కొత్తది అదే మేకుకి తగిలించాడు. కల్యాణి గోడకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడే పారిపోతే బాగుండుననిపించింది. కానీ ఉండిపోయింది. నేర్పినప్పుడు పక్కనే ఉంది, ఇప్పుడూ ఉండాలి.

పాపయ్య లోపలికి వచ్చాడు. డాక్టరుకి నమస్కారం పెట్టాడు. గీత మీద నిలబడ్డాడు. ఎడమ కన్ను మూసుకున్నాడు.

"నాలుగో వరస నుంచి చదవండి," అన్నాడు డాక్టరు.

పాపయ్య మొదలుపెట్టాడు. ఒకటో అక్షరం, రెండో అక్షరం. మూడో దగ్గర ఆగాడు. కళ్ళు కొంచెం చిట్లించాడు. "డి," అన్నాడు. అక్కడ 'జెడ్' ఉంది.

డాక్టరు మధ్యలో ఆపలేదు. ఐదో వరస. ఆరో వరసలో "ఓ" అన్నాడు పాపయ్య. తల అడ్డంగా ఊపి, "నహీఁ నహీఁ, సి," అని దిద్దుకున్నాడు. ఏడో వరసలో నెమ్మదించాడు. ఎనిమిదో వరస గొణుగుతున్నట్టు చెప్పాడు, అచ్చం కూతురు నేర్పినట్టే. ఎక్కడా తడబడలేదు. కల్యాణి రెండు చేతులతో నోరు మూసుకుంది.

డాక్టరు కలం కింద పెట్టాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని పాపయ్య మెచ్చుకోలనుకున్నాడు. గోడవైపున్న తెల్ల చొక్కా కూతురిదని పోల్చుకున్నాడు కాబోలు, అటు తిరిగాడు. డాక్టరుకి తెలుగు రాదు కదా అన్న ధైర్యంతో, ముఖం వెలిగిపోతూ అడిగాడు.

"బాగా సెప్పానా అమ్మా?"

"బాగా చెప్పావు నాన్నా," అంది కల్యాణి. "ఒక్కటీ మర్చిపోలేదు."